ఎండలో పెట్టిన బ్యాటరీ

మేళ్లచెరువు దగ్గరి తండా,
20 జూన్ 1994

నా బంగారు బిడ్డ మోతీబాయికి,

నీ బాపు గేమ్యా సొంత చేత్తో రాస్తున్న ఉత్తరం. వంకర అక్షరాలు చూసి ఎర్ర సిరాతో దిద్దకు తల్లీ, నేను నీ బడిలో పిల్లవాణ్ణి కాను. రాత్రి బడిలో నేర్చిన చదువు, ఇంతకంటే నిటారుగా నిలబడదు.

ఇక్కడ నేను, నిన్ను కన్న మీ యాడి, మేకలు, అందరం బాగున్నాం. మొన్న తొలకరి పడింది. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్మంతా కడుక్కుపోయి మన ఇంటి ముందరి చింతచెట్టు పచ్చగా బయటపడింది. "అరె, ఇది పచ్చ చెట్టని మరిచేపోయిన," అన్నది మీ యాడి.

అసలు సంగతి ఇది. మన పక్కింటి ఫకీరా పెండ్లి చేసుకుని కోడలిని తెచ్చాడు కదా, పేరు నీలా. మంచి పిల్ల, నోరు మాత్రం ఆగదు. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని పోతూ పోతూ నా ముందర ఆగింది.

"మామా, మోతక్క గుండెల మిషన్ ఉన్నదంట, నిజమేనా?"

"నిజమే బిడ్డా. పంపు మిషన్."

"మరి కరెంటు పోతే ఎట్ల?"

ఎంత నవ్వానో తెలుసా! మన దగ్గర కరెంటు పోతే పొలం మోటరు ఆగుతుంది, ఆ పిల్ల ఆలోచన అంతదాకే పోయింది. బిందె దింపించి కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నువ్వు టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు కాళ్లు బూరెల్లాగా వాచిన సంగతి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్న సంగతి, ఊరి డాక్టరు ఉబ్బసమని సూదులు వేసిన సంగతి, చివరికి హైదరాబాదు పెద్ద దవాఖానాలో ఆ డాక్టరు సారు నా చెయ్యి పట్టుకుని చెప్పిన సంగతి. "పెద్దాయనా, గుండె అంటే పంపు. మీ అమ్మాయి గుండె మరీ మెల్లగ కొడుతున్నది. అట్ల కొట్టి కొట్టి పంపు ఫెయిలయింది. అగ్గిపెట్టెంత మిషన్ చర్మం కింద పెడతం, అది టయానికి కొట్టుమని గుండెకు గుర్తు చేస్తది," అన్నాడు. "గుర్తు చేస్తె చాలునా సారూ?" అన్నాను. "చాలు, మిగిలింది గుండే చేసుకుంటది," అన్నాడు. అప్పటినుంచి చూడు, నువ్వు ట్రైనింగు ముగించావు, నౌకరీ తెచ్చుకున్నావు, మిర్యాలగూడలో కిరాయి ఇల్లు తీసుకుని రాణిలాగా ఉన్నావు. చెప్పి ముగించేసరికి నీలా బిందెలో నీళ్లు మేకలు తాగిపోయాయి, అది వేరే సంగతి.

కరెంటు కాదు, లోపల బ్యాటరీ ఉంటుందని చెప్పాను. చెప్పాక నాకే ఒక ఆలోచన వచ్చింది, జాగ్రత్తగా విను. నా రేడియో సెల్లులు మెత్తబడి వార్తలు చదివే ఆయన నిద్రమత్తులో ఉన్నట్టు మాట్లాడితే నేనేం చేస్తాను? సెల్లులు తీసి కప్పు మీద ఎండలో పెడతాను. సాయంత్రానికి ఆయన మళ్లీ గణగణా చదువుతాడు. బ్యాటరీ ఎక్కడున్నా బ్యాటరీయే కదా. కాబట్టి నువ్వు రోజూ పొద్దున ఎడమ భుజం సూర్యుని దిక్కు పెట్టి కాసేపు కూర్చో. ఖర్చు లేని మందు.

ఈ నెలాఖరుకు పరీక్షకు పోతావు కదా, డాక్టరు ఏమన్నాడో వెంటనే రాయి. మంచి మాట వస్తే తీజ్ పండుగకు మన దేవుడు సేవాభాయాకు భోగ్ నైవేద్యం పెట్టి, గోధుమ రవ్వ, బెల్లం వేసి లాప్సి వండి తండా అందరి నోరు తీపి చేస్తానని మొక్కుకున్నాను.

నీ బాపు,
గేమ్యా

మిర్యాలగూడ,
6 జూలై 1994

బాపుకు, యాడికి మోతీబాయి నమస్కారాలు.

బాపూ, నీ ఉత్తరం బడిలో అందింది. మూడో తరగతి పిల్లల ముందు చదువుకుని నవ్వు ఆపుకోలేకపోయాను. "టీచర్, ఎవరు రాసిండ్రు?" అని ఒకటే గోల. నీలాకు మేకలు తాగిన నీళ్లు మళ్లీ తెచ్చి ఇచ్చావా లేదా?

ఇక్కడ బాగానే ఉంది. ఇంటి యజమాని రామ్మూర్తి గారికి బియ్యం దుకాణంలోనే తెల్లవారుతుంది, అక్కడే పొద్దు గూకుతుంది. ఆయన భార్య స్వరాజ్యలక్ష్మి పెద్దమ్మకు నేను ఆరో బిడ్డను. నేను పిల్లల పలకలు దిద్దినట్టు ఆమె నా మాటలు దిద్దుతుంది. ఆ ఇంట్లో ఏ మాటైనా మంచిగానే అనాలి, లేకపోతే ఒప్పుకోదు. నా నాలుక కూడా ఆమె దారిలోకే వచ్చేసింది. నేను మాట్లాడితే నువ్వు ఏ సేటు గారి అమ్మాయో అనుకుంటావు.

హైదరాబాదు పోయి వచ్చాను. డాక్టరు గారు మిషన్ మీద అయస్కాంతం పెట్టి కాగితం పట్టీ తీశారు. బ్యాటరీ నిండుకుందని చెప్పారు. కంగారు పడవద్దన్నారు, నువ్వు కూడా పడకు. మిగతా సంగతి కలిసినప్పుడు మాట్లాడుకుందాం. నువ్వు చెప్పిన ఎండ మందు మానలేదు. పొద్దున బడికి పోయే ముందు వాకిట్లో కూర్చుంటున్నాను. మెట్లెక్కితే కొంచెం ఆయాసం వస్తోంది, అంతే.

ఇక్కడ పెన్నులో సిరా కూడా నిండుకుంది బాపూ, అందుకే ఇక్కడి నుంచి పెన్సిలుతో రాస్తున్నాను. యాడి మోకాళ్లకు నూనె పంపుతున్నాను, పొయ్యి దగ్గర పెట్టొద్దని చెప్పు. తండాలో అందరినీ అడిగానని చెప్పు.

మోతీబాయి

తండా,
15 జూలై 1994

నా తల్లీ, నా దీపమా, నా మోతీ,

ఏమని రాయాలి, ఎక్కడినుంచి మొదలుపెట్టాలి! నీ ఉత్తరం పోస్టుమాన్ చేతిలోనుంచి లాక్కుని అక్కడే రోడ్డు మీద చదివాను. "బ్యాటరీ నిండుకుంది" అన్న కాడికి వచ్చేసరికి సైకిలు మీద కూర్చున్న పోస్టుమాన్‌ను కౌగిలించుకున్నాను. ఇద్దరం కింద పడ్డాం. ఆయన మోకాలు గీసుకుపోయింది, నా సంతోషానికి మాత్రం ఏమీ కాలేదు.

నిండుకుంది! నేను చెప్పలేదా? ఎండ! పెద్ద పెద్ద చదువులు చదివిన డాక్టర్లకు తట్టని సంగతి మీ బాపుకు రేడియో నేర్పింది. నువ్వు కూర్చున్నావు, సూర్యుడు నింపాడు. మీ యాడికి చదివి వినిపిస్తే రెండు చేతులు ఎత్తి సూర్యునికి మొక్కింది. ఆమె మొక్కడం చూసి నీలా మొక్కింది, నీలాను చూసి ఫకీరా మొక్కాడు. ఇప్పుడు తండాలో ముసలోళ్లంతా పొద్దున్నే మేకల కొట్టం ముందర వరుసగా ఎండలో కూర్చుంటున్నారు. మన తండా పెద్ద నాయక్‌కు నడుము నొప్పి కదా, ఆయన ఎండకు వీపు పెట్టుకుని కూర్చుంటున్నాడు. "గేమ్యా, నాకు గూడ నిండుతదా?" అని అడిగాడు. "నీకు బ్యాటరీ ఉంటె గద నాయకా!" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు అర్థం కానిది ఒకటే. సిరా నిండుకుంటే పెన్సిలుతో ఎందుకు రాశావు బిడ్డా? ఉన్న సిరాను పొదుపు చేస్తున్నావా? సేట్ల ఇంట్లో ఉండి పొదుపు కూడా నేర్చావన్న మాట. మంచిదే. కానీ మాకు రాసేటప్పుడు పొదుపు చెయ్యకు, పెన్సిలు గీతలు చూడటానికి నా కండ్లు చాలవు.

తీజ్ పండుగ శ్రావణంలో. భోగ్ పెడుతున్నాను. ఇది నిశ్చయం. కోదాడ నుంచి, సూర్యాపేట నుంచి మనవాళ్లను పిలుస్తున్నాను. నువ్వు గోధుమ మొలకల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆడపిల్లల ముందర నడవాలి. ఎనిమిదేండ్ల నుంచి నువ్వు పక్కన కూర్చుని చూస్తున్నావు, అలిసిపోతావేమోనని నేనే వద్దన్నాను. ఈసారి ఎవరూ వద్దనరు. నిండా బ్యాటరీ ఉన్న బిడ్డను ఎవడు ఆపుతాడు?

ఆయాసం అన్నావు. మెట్లు ఎక్కితే నాక్కూడా ఆయాసమే. అది మెట్ల తప్పు.

ఎగిరి గంతులేస్తున్న నీ బాపు,
గేమ్యా

మిర్యాలగూడ,
29 జూలై 1994

బాపుకు నమస్కారాలు.

నీ ఉత్తరం చేరింది. స్వరాజ్యలక్ష్మి పెద్దమ్మకు చదివి వినిపించాను. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంది, తరువాత ఇంకా తుడుచుకుంటూనే ఉంది. పోస్టుమాన్ మోకాలు తగ్గిందా?

బాపూ, ఒక మాట. తీజ్‌కు నేను రాలేను. అప్పుడు హైదరాబాదులో నాకు పని ఉంది, నాలుగైదు రోజులు పడుతుంది. పెద్దమ్మ తోడు వస్తానంది. కాబట్టి భోగ్ ఇప్పుడు వద్దు, దసరాకు పెట్టుకుందాం. చుట్టాలను ఇప్పుడే పిలవకు. నాయక్ మామతో మాత్రం మాట్లాడు, పాపం.

నాకోసం బెంగ పెట్టుకోవద్దు. రోజూ పొద్దున నాడి చూసుకుంటున్నాను. బడిలో ఇప్పుడు కుర్చీలో కూర్చునే పాఠం చెబుతున్నాను, పిల్లలు కూడా అల్లరి తగ్గించారు.

ఎవరైనా ఇటు వస్తుంటే నీ పాత తలపాగా ఒకటి పంపు. పని ఉంది.

మోతీబాయి

సూర్యాపేట, బస్టాండు,
12 ఆగస్టు 1994

మోతీ బిడ్డా,

బస్టాండు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఈ కాగితం టికెట్ల ఆయన దగ్గర అడిగి తీసుకున్నాను. మిర్యాలగూడ బస్సు కండక్టరు మత్తయ్య మంచివాడు, ఇంకాసేపట్లో బయలుదేరుతున్నాడు. ఉత్తరం నీ చేతిలోనే పెడతానని మాట ఇచ్చాడు.

నువ్వు భోగ్ వద్దన్నావు కానీ నేను విన్నానా? నువ్వు రాకున్నా నీ పేరు మీద పెట్టాలనుకున్నాను. బెల్లం కోసం సూర్యాపేట వచ్చాను. పొద్దు గూకే వేళకు ఒక దుకాణం ముందు నిలబడ్డాను. గల్లాపెట్టె దగ్గర సేటు, పక్కన పీట మీద ఆయన తల్లి. అప్పుడే దీపం పెట్టారు.

"సేటూ, పది కిలోల బెల్లం కట్టు," అన్నాను.

"బెల్లం నిండుకున్నది తాతా."

నా చెవుల్లో తేనె పోసినట్టయింది. నీ ఉత్తరంలో మాటే కదా! "మంచిమాట అన్నవు సేటూ! నిండుకుంటె ఇంకో రెండు కిలోలు ఎక్కువనే ఎయ్యి," అన్నాను.

"తాతా, నిండుకున్నదంటున్న గద."

"నేను గూడ గదే అంటున్న. నిండుకున్నంక కట్టనీకి నీకేం కష్టం? కట్టు, కట్టు."

సేటు నా మొఖం చూశాడు, నేను సేటు మొఖం చూశాను. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వాను, నాకు సంతోషంగా ఉంది కదా. అప్పుడు ఆ ముసలామె అన్నది, "నవ్వకుండ్రి, ఆయనకు తెల్వదు. తాతా, శ్రావణ శుక్రారం దీపం పెట్టినంక 'లేదు' అని, 'అయిపోయింది' అని అనొద్దు. లచ్చిమి అలుగుతది. అందుకని ఒడిసిన దాన్ని నిండుకున్నదంటం. బెల్లం ఒక్క గడ్డ గూడ లేదు నాయనా."

"ఒడిసిన దాన్నా?" అన్నాను.

"ఆఁ. డబ్బా ఖాళీ అయితే నిండుకున్నదంటం."

సంచి నా చేతిలోనుంచి జారిపోయింది బిడ్డా. కూర్చున్నాను. ఆ తల్లి నీళ్లు ఇచ్చింది. అప్పుడు ఒక్కొక్కటే తెలిసింది. సిరా నిండుకుంటే పెన్సిలు ఎందుకో తెలిసింది. మెట్ల తప్పు కాదని తెలిసింది. నా పాత తలపాగాతో టీచరమ్మకు ఏం పనో అడగాలని ఆరోజు నాకు తట్టలేదు, ఇప్పుడు తట్టింది. హైదరాబాదులో నీకు ఏం పనో కూడా.

నేను ఊరంతా చాటింపు వేశాను. ముసలోళ్లను ఎండలో కూర్చోబెట్టాను. అంతా చూసి నువ్వు, ఈ పిచ్చి బాపు సంతోషం చెడగొట్టొద్దని నోరు మూసుకున్నావు. అంతేనా? నా సంతోషం ఏమన్నా గాజు గ్లాసా బిడ్డా, కింద పడితే పగలడానికి? సిమెంటు బస్తాలు మోసిన వీపు నాది. ఏ మాటైనా మోస్తుంది. నువ్వు ఒక్కదానివి మోస్తున్నావే, అది నేను చూడలేను.

కోపం లేదు. కొంచెం ఉంది. లేదు.

మత్తయ్య రేపు పొద్దున మొదటి బస్సుకు తిరిగి వస్తాడు. నేను ఇక్కడ మా చిన్నాయన కొడుకు ఇంట్లో పడుకుని పొద్దున్నే బస్టాండుకు వస్తాను. ఉన్నది ఉన్నట్టు రాసి ఆయన చేతికి ఇవ్వు. మంచి మాటలు వద్దు, మన మాటలు రాయి.

బాపు

మిర్యాలగూడ,
12 ఆగస్టు, రాత్రి

బాపూ,

మత్తయ్య గారు అరుగు మీద కూర్చుని నిమ్మళంగా రాయమన్నారు. ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

బ్యాటరీ ఒడిసింది. పూర్తిగా కాదు, చివరికి వచ్చింది. మూడు నెలల లోపల మార్చాలని జూన్ నెలాఖరులోనే చెప్పారు. ఇప్పుడు మిషన్ మెల్లబడింది. నాలుగు అడుగులు వేస్తే నిలబడాల్సి వస్తోంది, కాళ్లకు నీరు కూడా వస్తోంది, అప్పటిలాగే. పద్దెనిమిదో తారీఖున ఆపరేషన్. పాత గాటు దగ్గరే కోసి పాత పెట్టె తీసి కొత్తది పెడతారు. పెద్దది కాదు అంటారు. వాళ్లకు పెద్దది కాదు.

ఆ మాట నేను మోసం చేయడానికి రాయలేదు. ఈ ఇంట్లో అలవాటయింది, రాసేటప్పుడు గమనించలేదు. నీ జవాబు చూశాక మాత్రం కావాలనే దాచాను. నువ్వు పోస్టుమాన్‌తో సహా కింద పడ్డ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. దిగులైనప్పుడు తీసి చదువుతున్నాను. అంత సంతోషాన్ని నా చేత్తో ఎట్లా తుడిచేయను? ఆపరేషన్ అయ్యాక వచ్చి చెబుదాం, అప్పుడు అందరం నవ్వుకుందాం అనుకున్నాను.

పెద్దమ్మ కన్నతల్లిలా చూస్తోంది. అయినా నాకు భయంగా ఉంది. లోపలికి పోయే ముందు నాకు నీ మొఖం కనబడాలి. నువ్వు రాకపోతే తలపాగా అయినా దగ్గర ఉంటుందని అడిగాను.

ఇప్పుడు తలపాగా పంపకు. నెత్తి మీద పెట్టుకుని నువ్వే రా. యాడిని కూడా తీసుకురా.

మోతీ

మిర్యాలగూడ,
14 సెప్టెంబరు 1994

బాపుకు, యాడికి,

బడికి పోతున్నాను! నిలబడి పాఠం చెబుతున్నాను, పిల్లల అల్లరి కూడా మళ్లీ మొదలైంది. ఎడమ చెయ్యి ఇంకా కొన్నాళ్లు పైకి ఎత్తవద్దన్నారు. హాజరు పిలిచేటప్పుడు "చేతులెత్తండి" అంటే పిల్లలు "మీరు ఎత్తొద్దు టీచర్" అంటున్నారు. మేడ మెట్లు ఎక్కి దిగి మళ్లీ ఎక్కాను. అవును, అది మెట్ల తప్పు కాదు.

నాకు రెండు సంగతులు తెలియాలి. ఒకటి, నన్ను లోపలికి తీసుకుపోయాక బయట ఏం జరిగింది? పెద్దమ్మ ఒకటి చెబుతోంది, యాడి తండాకు బయలుదేరే ముందు ఇంకొకటి చెప్పింది. కోసే చోట మాత్రమే మత్తు ఇచ్చారు కాబట్టి నేను మెలకువగానే ఉన్నాను, నాకు యాడి పాట వినబడింది. డాక్టరు గారు "ఎవరది?" అని కూడా అడిగారు.

రెండోది, పాత మిషన్‌ను వాడపల్లి తీసుకుపోయి నీళ్లలో వదిలేయమని నాయక్ మామ గొడవ చేశాడని మొన్న ఇటు వచ్చిన ఫకీరా చెప్పాడు. ఏం చేశావు?

మోతీ

తండా,
25 సెప్టెంబరు 1994

నా కొత్త బ్యాటరీ బిడ్డా, నా చిట్టి తల్లీ,

రెండుసార్లు మెట్లు ఎక్కావా! ఇంకోసారి ఎక్కు, నా కోసం. నేను ఇక్కడ కూర్చుని ఊపిరి పీల్చుకుంటాను.

బయట ఏం జరిగిందో నేను చెప్తాను, నేను చెప్పిందే నిజం. నిన్ను లోపలికి తీసుకుపోగానే మీ యాడి బెంచీ మీద కూర్చుని కొంగు మొఖం మీదికి లాక్కుని రాగం ఎత్తింది. దవాఖానా అంతా మారుమోగింది. నర్సు మరియమ్మ పరుగెత్తుకుని వచ్చింది.

"ఏమైందమ్మా? ఎవరు పోయిండ్రు?"

"ఎవరూ పోలేదు సిస్టరమ్మా," అన్నాను నేను. "గది ఏడుపు గాదు, పాట. మా ఆడోళ్లు బిడ్డను సాగనంపేటప్పుడు గిట్లనే పాడుతరు."

"బిడ్డ ఏడికి పోయింది? గా తలుపు అవతలనే ఉన్నది. జర మెల్లగ పాడుమను."

స్వరాజ్యలక్ష్మమ్మ అడ్డం వచ్చింది. "పాడనియ్యమ్మా. అన్నా, ఏమంటున్నది పాటల? మంచి మాటలేనా?"

"దారిల నీళ్లుండాలె, నీడ ఉండాలె, నీ ఎడ్లు అలిసిపోవద్దు అంటున్నది."

"ఆపరేషన్ రూముల ఎడ్లెక్కడియన్నా?"

"పాట పాతదమ్మా. ఎడ్లు దాంట్లనే ఉన్నయి."

ఆమె మీ యాడి పక్కన కూర్చుని తను కూడా రాగం కలిపింది. మాటలు రావు కదా, ఊఁ ఊఁ అంటూ. మీ యాడి ఒక దారి, ఆమె ఒక దారి. మరియమ్మ నెత్తి కొట్టుకుని పోయింది.

ఇంతలో తలుపు తెరుచుకుంది. డాక్టరు మూతి గుడ్డ కిందికి లాగి, "అయిపోయింది పెద్దాయనా," అన్నాడు.

సేట్ల భాష కొత్తగా నేర్చుకున్నాను కదా, ఆ మాట అన్నాడంటే చెడు జరిగిందనే అనుకున్నాను. స్వరాజ్యలక్ష్మమ్మ ఒక్క కేక పెట్టింది. "డాక్టరుగారూ! శుభం అనుండ్రి, శుభం!" పాపం ఆయన బెదిరిపోయాడు. "ఆపరేషన్ అయిపోయిందమ్మా, అమ్మాయి బాగున్నది. శుభం, శుభం," అన్నాడు. అప్పుడు నేను ఏం చేశానో పెద్దమ్మ చెప్పే ఉంటుంది. చెప్పకపోతే అడగకు.

కాసేపటికి చిన్న పళ్లెంలో పాత మిషన్ పట్టుకుని మరియమ్మ పోతోంది. "ఏడికి తీస్కపోతున్నవ్?" అన్నాను. "పక్కన పడేస్తరు," అన్నది. నాకు ప్రాణం ఒప్పలేదు. డాక్టరును బతిమాలి తీసుకున్నాను. "ఏం చేస్కుంటవ్ పెద్దాయనా, ఇగ అది పనికిరాదు," అన్నాడు. "పనికొచ్చినన్ని దినాలు పనికొచ్చింది గద సారూ," అన్నాను. కడిగి తుడిచి ఇచ్చారు. చొక్కా జేబులో పెట్టుకుంటే ఏమీ బరువు లేదు బిడ్డా. ఇంత తేలిక వస్తువు నిన్ను ఎట్లా మోసిందో!

తండాకు వచ్చాక నాయక్ మొదలుపెట్టాడు. "మనిషి ఒంట్ల ఉన్న వస్తువును ఇంట్ల పెట్టొద్దు గేమ్యా. వాడపల్లి తీస్కపోయి మూసీ, కృష్ణా కలిసే కాడ వదిలిరా."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "వాడపల్లిల వదిలేది అస్థికలను నాయకా! నా బిడ్డ బడిల నిలబడి పాఠం చెప్తున్నది."

"మరేం జేస్తవ్? మెడల కట్టుకుంటవా?"

"రిటైర్ చేస్త," అన్నాను.

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. నేను ఫ్యాక్టరీలో లోడింగు మానేసిన రోజు నా నంబరు బిళ్ల తీసుకుని పంపించారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. బరువు మోసినవాళ్లను అట్లా పంపకూడదు. మీ యాడి తన పెండ్లినాటి లంగా అంచు కత్తిరించి, అద్దాలు, గవ్వలు కుట్టి చిన్న సంచి చేసింది. ఆ లంగాను ఇన్నేండ్లు నన్ను ముట్టనివ్వలేదు, నీ మిషన్‌కు మాత్రం కత్తెర పెట్టింది. నిన్న సాయంత్రం అందరినీ పిలిచాం. నీలా బొట్టు పెట్టింది. ఫకీరా స్టూలు ఎక్కి ఉపన్యాసం ఇచ్చాడు. "ఈ మిషన్ గారు ఒక్క దినం నాగా పెట్టలే, ఒక్కసారి జీతం పెంచుమనలే, కరెంటు పోయినా ఆగలే," అన్నాడు. చివరిమాటకు నీలా వాడి కాలు గిల్లింది. లాప్సి వండాం. నాయక్ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు, మూడోసారి కూడా గిన్నె చాపాడు.

ఇప్పుడు ఆ సంచి గోడ మీద, నేను బస్తాలు లేపిన ఇనుప కొక్కెం పక్కన వేలాడుతోంది. ఇద్దరు రిటైరైనవాళ్లు.

అందరూ పోయాక మీ యాడి దాని దగ్గరికి పోయింది. సంచిని చేత్తో సవరించి, "ఇగ పండుకో. నువ్వు కొట్టింది చాలు," అని మన లంబాడీలో చెప్పింది.

"గది సముద్రం అవతలి నుంచి వచ్చింది. దానికి మన మాట ఏం తెలుస్తది?" అన్నాను నేను.

"ఎందుకు తెల్వదు?" అన్నది. "ఎనిమిదేండ్లు నా బిడ్డ లోపల కూసోని అన్నీ విన్నది."

నీ బాపు,
గేమ్యా